ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా అందిన ఉత్తరం

(పటమటలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడటానికి ఈ సభలో నలుగురున్నారు. వైద్య బిల్లుల గురించి ముగ్గురున్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు కాస్త వేరే సంగతి ఏదైనా మాట్లాడమన్నారు. అందుకని ఒక సినిమా గురించి మాట్లాడతాను. పెన్షనర్ల సభలో సినిమా ఏమిటని కంగారు పడకండి. తిరిగి తిరిగి మన ఇంటికే వస్తాను.

2022 ఆగస్టు 5న విడుదలైన "సీతారామం" మీలో చాలామంది చూసే ఉంటారు. దర్శకుడు హను రాఘవపూడి. రాముడి వేషం దుల్కర్ సల్మాన్‌ది, సీత వేషం మృణాల్ ఠాకూర్‌ది. ఒకరిది మలయాళం, ఒకరిది హిందీ. అయినా తెలుగువాళ్ళు ఇద్దర్నీ సొంతం చేసుకున్నారు. బెంజి సర్కిల్ దగ్గర మాల్‌లో నేను, మా ఆవిడ, మనవరాలు కలిసి చూశాం. తర్వాత ఇంట్లో టీవీలో మరి రెండుసార్లు చూశాం. మూడుసార్లు చూసినా దాని ముగింపు మంచిదో కాదో నాకు తేలలేదు. తేలకపోవడానికి కారణం ఏమిటో మాత్రం తేలింది. ఈ పూట మీతో చెప్పదలచింది అదే.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. చూడబోయేవారు రెండు నిమిషాలు చెవులు మూసుకోవచ్చు. మనలో కొందరికి ఆ అవసరం కూడా ఉండదు, మిషను తీసేస్తే చాలు.

కథా కాలం 1964, 65. కాశ్మీరులో పనిచేసే లెఫ్టినెంట్ రామ్ అనాథ. ఇతనికి ఉత్తరం రాసే నాథుడు లేడని రేడియోలో చెబితే, దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలు వస్తాయి. అందులో ఒకటి, అతని భార్యనని చెప్పుకుంటూ సీతామహాలక్ష్మి పేరుతో వస్తుంది. చిరునామా ఉండదు. అతడు ఆ ఉత్తరాల్లో దొరికిన ఆనవాళ్ళను పట్టుకొని ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. ఆమె అసలు పేరు నూర్జహాన్. హైదరాబాదులో నవాబుల ఇంటి యువరాణి. ఆ సంగతి అతనికి చెప్పకుండానే ప్రేమిస్తుంది. తర్వాత అతడు సైనిక విధి మీద వెళ్ళి పాకిస్థాన్‌కు బందీ అవుతాడు. ఇక్కడ ద్రోహి అన్న ముద్ర పడుతుంది. జైలు నుంచి సీతకు అతడు రాసిన ఆఖరి ఉత్తరం ఒక పాకిస్థానీ సైనికాధికారి దగ్గర ఉండిపోతుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1985లో, ఆ ఉత్తరాన్ని సీతకు చేరిస్తేనే ఆస్తి దక్కుతుందని ఆయన వీలునామా. లండన్‌లో చదువుకుంటున్న మనవరాలు అఫ్రీన్ నెత్తిన ఆ పని పడుతుంది. ఆ అమ్మాయికి మన దేశమంటే ఒళ్ళు మంట. డబ్బు అవసరం కనుక హైదరాబాదు వస్తుంది.

చివరికి ఉత్తరం చేరుతుంది. రాముడు ఇక రాడని తెలుస్తుంది. అతడు ద్రోహి కాడని తెలుస్తుంది. తను ఎవరో సీత దాచినా అతడు తెలుసుకున్నాడని తెలుస్తుంది. తన ప్రాణం కాపాడినవాడు ఆ రాముడేనని అఫ్రీన్‌కు తెలుస్తుంది. ఒక్క కాగితంతో నాలుగు సంగతులు తేలిపోతాయి. మనిషి మాత్రం తిరిగి రాడు.

హాలు నుంచి బయటికి వచ్చాక మా ముగ్గురికీ మూడు అభిప్రాయాలు. మనవరాలు కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగుంది తాతయ్యా" అంది. అంత ఏడ్చి బాగుందంటుందేమిటా అనుకున్నాను. నేను, "ఏం బాగు? బతికుండగా చేరని ఉత్తరం తర్వాత చేరితే ఎంత, చేరకపోతే ఎంత?" అన్నాను. మా ఆవిడ ఆటోలో పటమట సెంటరు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత అంది, "మీకు మనిషి రాలేదన్నదే కనబడింది. ఆవిడ ఇరవయ్యేళ్ళు ఎదురు చూసింది. ఆయన నన్ను మర్చిపోయాడా, మోసం చేశాడా, ఉన్నాడా, లేడా అని రోజూ అనుకునే ఉంటుంది. ఇక అలా అనుకోనక్కరలేదు. అది చిన్నదా?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడూ పూర్తి జవాబు లేదు.

మిత్రులారా, సీతారాముల కథ ముగింపు దగ్గర తెలుగువాడు ఇబ్బంది పడటం ఈనాటిది కాదు. ఉత్తరకాండలో నింద పడింది సీత మీద. కుశలవులు రామాయణం పాడి, వాల్మీకి సాక్ష్యం చెప్పి, అంతా తేటతెల్లమయ్యాక ఆమె ఏం చేసింది? సింహాసనం ఎక్కలేదు. భూమిలోకి వెళ్ళిపోయింది. మచ్చ తొలగింది, మనిషి దక్కలేదు. ఆ ముగింపును భవభూతి భరించలేకపోయాడు. "ఉత్తరరామచరితం" నాటకంలో సీతను, రాముణ్ణి కలిపేశాడు. మన తిక్కన సోమయాజి "నిర్వచనోత్తర రామాయణం" రాస్తూ రామనిర్యాణం దాకా పోకుండా ఆపేశాడు. ఆ మిగిలిన భాగం తర్వాత జయంతి రామభట్టు పూర్తి చేశాడంటారు. భారత యుద్ధమంతా రాసిన తిక్కనగారికే అక్కడ కలం ఆగిందంటే, మూడుసార్లు చూసినా ముగింపు తేలని నాబోటివాడిని తప్పుపట్టకండి.

1963లో "లవకుశ" వచ్చినప్పుడు నేను హైస్కూలు కుర్రవాణ్ణి. పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చి చూసేవారు. సీతమ్మ భూమిలోకి వెళుతుందని అందరికీ ముందే తెలుసు. అయినా ఆ ఘట్టం వచ్చేసరికి హాలంతా ఏడుపే. తెలిసిన ముగింపుకు అంత ఏడుపెందుకు? ఈసారైనా ఆగుతుందేమోనని మనసులో ఒక మూల ఆశ ఉంటుంది. అందుకు.

ఈ కొత్త సినిమా ఆ పాత కథను తిరగేసింది. నింద రాముడి మీద పడింది. ఎదురు చూసింది సీత. నిజం ఆలస్యంగా తెలిసింది. వెళ్ళిపోయినవాడు రాముడు, మిగిలింది సీత. పేర్లు ఊరికే పెట్టలేదు.

మన పాత సినిమాల ముగింపులు కూడా ఒక్కసారి తలుచుకోండి. 1951లో వచ్చిన బి.ఎన్. రెడ్డిగారి "మల్లీశ్వరి"లో నాగరాజుకు, మల్లీశ్వరికి చావు తప్పదనుకునే వేళ రాయలవారి క్షమాభిక్ష దక్కుతుంది. అంటే ఉత్తర్వు సకాలంలో అందింది. ఆ నాగరాజు వేషం వేసిన రామారావుగారు అంతకుముందు ప్రత్తిపాడులో కొద్దిరోజులు సబ్ రిజిస్ట్రారుగా చేసినవారే. అక్కడే ఉండిపోయి ఉంటే మన సంఘానికి ఒక సభ్యుడు పెరిగేవారు, తెలుగు సినిమాకు ఒక నాగరాజు తగ్గేవాడు. 1953 నాటి "దేవదాసు"లో మన గుడివాడ ప్రాంతపు నాగేశ్వరరావుగారు పార్వతి గుమ్మం ముందు దాకా వచ్చి ప్రాణం విడుస్తారు. అక్కడ ఆలస్యం కొన్ని అడుగుల దూరం. 1964 నాటి "మూగమనసులు"లో ఈ జన్మలో కుదరనిది మరో జన్మకు వాయిదా పడుతుంది. ఒకటి సకాలం, ఒకటి క్షణం ఆలస్యం, ఒకటి జన్మ ఆలస్యం. "సీతారామం" ఈ మూడింటికీ చెందదు. ఇక్కడ ఆలస్యానికి లెక్క ఉంది, ఇరవయ్యేళ్ళు. లెక్క కనబడగానే నాలో గుమాస్తా లేచి కూర్చున్నాడు.

నేను ఉద్యోగంలో చేరింది తపాలు సీట్లో. మీలో చాలామంది ఆ కుర్చీలో కూర్చున్నవారే. ప్రతి కాగితానికీ రెండు తేదీలు ఉంటాయని ఆ సీటు నేర్పుతుంది. రాసిన తేదీ పైన ఉంటుంది. అందిన తేదీ మనం వేసే ముద్రలో ఉంటుంది. రాసినవాడికి మొదటి తేదీతోనే పని. ఆఫీసుకు రెండో తేదీతోనే పని. మొదటి తేదీకీ రెండో తేదీకీ మధ్య ఏం జరిగిందో రాయడానికి ఇన్‌వర్డ్ రిజిస్టరులో గడి లేదు. ఈ సినిమా అంతా ఆ లేని గడిలో జరిగింది. అందుకే నాకు అంత పట్టింది కాబోలు.

ఇంకో మాట. మన జిల్లా ఆఫీసు మాన్యువల్ ప్రకారం పరిష్కారమైన ఫైలుకు ఆయుర్దాయం ఉంటుంది. ఎల్.డిస్. అయితే ఏడాది, డి.డిస్. అయితే పదేళ్ళు, ఆర్.డిస్. అయితే శాశ్వతం. రాముడి ఉత్తరం మన రికార్డు గదిలో డి.డిస్. కట్టలో పడి ఉంటే, అఫ్రీన్ వచ్చేసరికి పదేళ్ళ కిందటే తగలబెట్టి ఉండేవారు. శత్రుదేశపు అధికారి ఇంట్లో ఉండబట్టి బతికింది. ఆ పెద్దమనిషి దాన్ని ఆర్.డిస్. అనుకున్నాడు. అందుకు మాత్రం ఆయనకు నమస్కారం పెట్టాలి.

నవ్వకండి, కాగితానికి ఆ బలం నిజంగానే ఉంది. 1965 యుద్ధం నాకు గుర్తుంది. శాస్త్రిగారు వారానికి ఒక పూట భోజనం మానమంటే మా ఇంట్లో సోమవారం రాత్రి పొయ్యి వెలిగేది కాదు. వార్తలు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో వినేవాళ్ళం. 1966 జనవరి 10న తాష్కెంటులో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఆ రాత్రి గడవకుండానే శాస్త్రిగారు పోయారు. ఆ తర్వాత 1971 యుద్ధం వచ్చింది. ఆ యుద్ధాల్లో తిరిగి రాని మన సైనికుల్లో 54 మంది పాకిస్థాన్ జైళ్ళలో ఉన్నారని వాళ్ళ కుటుంబాలు నమ్మాయి. తమ దగ్గర ఎవరూ లేరని ఆ దేశం అంటూనే ఉంది. 1983లో ఒకసారి, 2007లో ఒకసారి బంధువులు అక్కడి జైళ్ళకు వెళ్ళి చూసి వచ్చారు. ఎవరూ దొరకలేదు.

వారిలో ఒక మేజరు 1971 యుద్ధంలో మరణించినట్టు ముందు ప్రకటించారు. 1974 డిసెంబరులో ఆయన తండ్రికి కొడుకు చేతిరాతతో ఒక చీటీ వచ్చింది, నేను క్షేమమని. రాత సరిచూశాక రక్షణశాఖ ఆయన పేరు ఎదుట "మరణించారు" అన్న మాట తీసి "ఆచూకీ లేదు" అని మార్చింది. చూడండి, ఫైలులో ఒక్క మాట మారింది. దానితో ఆ తండ్రికి ఆశ వచ్చిందనాలా, శిక్ష పడిందనాలా? అప్పటిదాకా కర్మకాండ అయిపోయిన ఇల్లు, మళ్ళీ తలుపు వైపు చూడటం మొదలుపెట్టిన ఇల్లయింది. సినిమాలో సీతకు చివరి ఉత్తరమైనా వచ్చింది. ఈ ఇళ్ళకు అదీ రాలేదు. ఇది తెలిశాక మా ఆవిడ అన్న మాట బరువు నాకు మరికాస్త అర్థమైంది. చేదు కబురు రావడం ఒక బాధ. ఏ కబురూ రాకపోవడం దానికన్నా పెద్ద బాధ.

అయితే నా వైపు వాదం కూడా ఉంది. అది చెప్పడానికి ఒక సంగతి చెప్పాలి. పేర్లు, ఊరు, శాఖ ఏదీ చెప్పను. వారి పిల్లలు ఇప్పటికీ మన చుట్టుపక్కలే ఉన్నారు.

నా సర్వీసులో ఒక ఉద్యోగి మీద డబ్బు తేడా వచ్చిందని అభియోగం వచ్చింది. సస్పెన్షన్ అయింది. విచారణ సాగింది. ఒక అధికారి బదిలీ, ఇంకో అధికారి సెలవు, రికార్డు మరో ఆఫీసులో, సాక్షి రిటైరు. ఇవన్నీ మీకు కొత్త కాదు. సగం జీతం మీద ఆ సంసారం ఏళ్ళ తరబడి నడిచింది. ఆయన పోయారు. పోయిన రెండేళ్ళకు, అభియోగం రుజువు కాలేదు, సస్పెన్షన్ కాలం డ్యూటీగా పరిగణించాలి, రావలసినవి చెల్లించాలి అని ఉత్తర్వు వచ్చింది. వారి ఇల్లు బందరు కాలవ గట్టు మీద, నేను సైకిలు మీద వెళ్ళే దారిలోనే. కాబట్టి ఉత్తర్వు నకలు ఇచ్చి సంతకం తీసుకునే పని నాకు అప్పగించారు.

ఆవిడ అక్షరం అక్షరం చదువుకున్నారు. బకాయి ఎంత వస్తుందని అడుగుతారనుకొని నేను లెక్క వేసుకొని వెళ్ళాను. ఆవిడ అది అడగలేదు. "అన్నయ్యగారూ, దీనికి ఇంకా ఎన్ని నకళ్ళు ఇస్తారు?" అన్నారు. ఎందుకమ్మా అంటే, "మా బావగారికొకటి, మా పెద్దమ్మాయి అత్తవారికొకటి పంపాలి. ఇంకొకటి ఈయన పటం వెనక పెడతాను" అన్నారు. నాలుగు నకళ్ళు తీయించి మర్నాడు ఇచ్చాను. అప్పుడు ఆవిడ ఇంకో మాట అన్నారు. "ఇది రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఆయన వీధి అరుగు మీద కూర్చునేవారు." అభియోగం వచ్చిన రోజు నుంచి ఆయన పగటిపూట అరుగు మీదికి రాలేదట.

మిత్రులారా, ఆ రెండు మాటలూ ఒక్క మనిషే అంది. మొదటి మాట మా ఆవిడ వాదం. కాగితానికి విలువ ఉంది, పోయినవాడి పేరు మీద మచ్చ పోవాలి, చుట్టాలకు తెలియాలి. రెండో మాట నా వాదం. అరుగు ఖాళీగానే ఉంది. రెండూ నిజమే. ఒకదాన్ని రెండోది కొట్టివేయదు. ఆవిడ రెండింటినీ కలిపి మోశారు. "సీతారామం" ముగింపు దగ్గర నాకు తేలకపోవడానికి కారణం ఇదేనని ఆ సంగతి గుర్తొచ్చాకే తెలిసింది. ఉత్తరం ఎవరికి అందిందో వారికి అది నిజంగా తీపే. ఎప్పుడు అందిందో చూస్తే చేదే. సినిమా చూసి కూడిక చేస్తే సున్నా వస్తుందా, మిగులు వస్తుందా అని నేను లెక్క చూశాను. ఇది కూడికలు, తీసివేతల లెక్క కాదు. రెండు వేర్వేరు పద్దులు.

ఇక సినిమా మీద నా ఫిర్యాదు ఒక్కటి. ఆలస్యాన్ని అది చాలా అందంగా చూపించింది. మంచు కొండలు, మంచి సంగీతం, ఇరవయ్యేళ్ళ నిరీక్షణ. మనం కళ్ళు తుడుచుకొని తేలికపడిన మనసుతో ఇంటికి వస్తాం. మన మనసు తేలికపడటానికి కారణం సీతకు న్యాయం జరగడమా, మన టిక్కెట్టుకు న్యాయం జరగడమా? చదివిన మర్నాడు సీత ఎలా లేచింది, ఎవరితో మాట్లాడింది, ఇరవయ్యేళ్ళ అలవాటు ప్రకారం మళ్ళీ గుమ్మం వైపు చూసిందా అన్నది ఏ సినిమా చూపించదు. తెర దిగాకే ఆమె అసలు కథ మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చిన న్యాయాన్ని చూసి మరీ మురిసిపోవడం మనకు అలవాటైతే, ఆలస్యం చేసినవాడికి అది వెసులుబాటు. చివరికి ఇచ్చాం కదా అంటాడు. సినిమాలో ఆ మాట అననిచ్చినా ఫరవాలేదు. ఆఫీసులో అననివ్వకూడదు.

ఈ రోజునే తీసుకోండి. డిసెంబరు 17న ఎందుకు కూడాం? 1982లో ఈ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డి.ఎస్. నకారాగారు 1972లో రిటైరైన అధికారి. 1979 మార్చి 31న గానీ, ఆ తర్వాత గానీ రిటైరైనవారికి మాత్రమే పెంచిన పెన్షన్ లెక్క వర్తిస్తుందని కేంద్రం గీత గీసింది. ఒక్కరోజు ముందు దిగిపోయినవాడికి లేదు. ఆ గీత చెల్లదని, పెన్షన్ యజమాని దయ మీద ఆధారపడిన బిచ్చం కాదు, చేసిన సేవకు దక్కే హక్కని ధర్మాసనం తేల్చింది. మనం ఈ రోజు తలెత్తుకొని కూర్చున్నామంటే ఆ తీర్పు చలవే. కానీ ఆ గీత గీసిన తేదీకి ముందరి కాలానికి బకాయిలు లేవని కూడా అదే తీర్పు చెప్పింది. తీర్పు కోసం ఎదురు చూస్తూ అంతలోనే కన్నుమూసినవారు ఆ కోర్టు తలుపు ఎన్నడూ దాటలేదు. మనం చేసుకుంటున్న పండుగలోనే ఆ కొద్దిపాటి చేదు కలిసి ఉంది. అది మరిచిపోయి మిఠాయి పంచుకుంటే నకారాగారికి అన్యాయం. దాన్నే తలుచుకొని మిఠాయి వద్దనడం కూడా అన్యాయమే.

మరి ఇరవయ్యేళ్ళు దాటిన ఉత్తరం చేర్చాలా వద్దా? చేర్చాలి. ఇందులో నాకు సందేహం లేదు. ఆ అఫ్రీన్‌ను చూడండి. ఆ అమ్మాయి దేవత కాదు. ప్రేమతో బయలుదేరలేదు, ఆస్తి కోసం బయలుదేరింది. మధ్యలో వదిలేద్దామని కూడా చూసింది. అయినా ఇల్లిల్లూ తిరిగి చేర్చింది. చేరవేసేవాడు మహాత్ముడు కానక్కరలేదు, చేరవేస్తే చాలు. మనం ఉద్యోగంలో చేసింది అదే. మన చేతుల మీదుగా వెళ్ళిన కాగితాల్లో ఎవరి పెళ్ళి ఆగిందో, ఎవరి పొయ్యి వెలిగిందో మనకు తెలియదు. అతను పోయాడు, ఇంకెందుకులే అని అఫ్రీన్ ఆ కవరు చించేసి ఉంటే, యుద్ధం చేసిన అన్యాయానికి తోడు ఆమెది ఇంకో అన్యాయం అయ్యేది. ఆలస్యమైన కాగితాన్ని అందించడంలో జాగు చేసినా అంతే.

ముగింపు మార్చమంటే ఏం మారుస్తావని మనవరాలు అడిగింది. భవభూతిలాగా ఇద్దర్నీ కలిపేద్దునా అని ఆలోచించాను. రాముడు గడ్డం మాసి, నెరిసిన జుట్టుతో చివరి రీలులో రైలు దిగితే హాలులో ఈలలే ఈలలు. కానీ తిరిగి రాని 54 ఇళ్ళవారు ఆ హాలులో కూర్చొని ఉంటే వారి మొహం చూడగలమా? అందుకని మార్చనన్నాను. ఉన్నదే ఉండనీ. బాగుందనేవారిని అననీ, బాధగా ఉందనేవారిని అననీ. ఒక్కటే కోరతాను. ఆ ఇరవయ్యేళ్ళు ఊరికే గడిచిపోలేదని, ఒక మనిషి ఒక్కో రోజూ గడిపిందని గుర్తుపెట్టుకొని చూడండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మన ఇంటికి తిరిగి వస్తానన్నాను కదా, వచ్చేశాను.

మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇస్తాం, నేను బతికే ఉన్నానని. అది ట్రెజరీకి. ఇంట్లోవారికి ఏం ఇస్తున్నాం? ఈ సభకు వచ్చినవారిలో ఎంతమంది ఇళ్ళలో పెన్షన్ పుస్తకం ఎక్కడుందో భార్యకు తెలుసు? అందులో ఆవిడ పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఎంతమంది చూసుకున్నారు? ఆధార్‌లో ఒక పేరు, పెన్షన్ కాగితంలో ఇంకో పేరు ఉండి, కుటుంబ పెన్షన్ కోసం నెలల తరబడి తిరిగిన సోదరీమణులు ఈ సభలోనే ఉన్నారు. వారిని అడగండి. ఇంటికి వెళ్ళగానే ఆ పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టండి. బ్యాంకు ఖాతాలో నామినీ ఎవరో చూడండి. తప్పుంటే మన శాఖ ఆఫీసుకు తీసుకురండి. ప్రతి సోమవారం పొద్దున కార్యదర్శిగారు, నేను కూర్చుంటున్నాం. దరఖాస్తు నేను రాసిపెడతాను, నా దస్తూరి ఇంకా చెడలేదు.

కాగితాలతోపాటు ఒక ఉత్తరం కూడా రాయండి. ఎవరికి బాకీ ఉన్నారో వారికి. దూరంగా ఉన్న తమ్ముడికో, మాట పట్టింపుతో రాకపోకలు మానేసిన స్నేహితుడికో, ఒకే ఇంట్లో ఉంటున్న భార్యకో. ఆవిడకు ఉత్తరమేమిటని నవ్వుతారేమో. నవ్వితే నవ్వనీ. ఇరవయ్యేళ్ళ తర్వాత ఎవరో లండన్ నుంచి వచ్చి చేర్చే ఏర్పాటు మన కుటుంబాల్లో లేదు. మన ఉత్తరం మనమే, మనం ఉండగానే అందించాలి. ప్రభుత్వం నుంచి మనకు రావలసినవి ఆలస్యమైనా సరే గట్టిగా అడుగుదాం. మన వైపు నుంచి ఇవ్వవలసినవి ఉంటే ఈ వారంలోనే ఇచ్చేద్దాం.

 డి.ఏ. బకాయిల మీద మాట్లాడవలసినవారు వేదిక మీదికి రావలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.